పై వరుస తలకిందులు

ఆ రోజు పొద్దున్న ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ప్రెస్సు తాళం తీయాలి. పదింటికల్లా ప్రూఫు తీయాలి. పదకొండింటికి స్టేషన్ మాస్టారి చేత దాని మీద సంతకం పెట్టించాలి. ఒంటిగంటకి ఇంటికి పరుగెత్తి పాపకి పాలిచ్చి రావాలి. ఈ మధ్యలో ఏదీ పాడుచేయకూడదు. నిజానికి అసలు పని ఆ చివరిదే.

నెల రోజులు పని చూసి, ఉంచుకోవాలో వద్దో చెబుతానన్నాడు ప్రెస్సు ఓనరు. ఆ రోజుతో నెల నిండుతుంది. పదో తరగతి సగంలో ఆగిపోయిన తనకి కంప్యూటరు ముందు కుర్చీ దొరకడమే ఒక వింత. ఆ కుర్చీ జారిపోతే మళ్లీ దొరకదని ఆమెకి గట్టి నమ్మకం. అందుకే నెలంతా దాని అంచు మీదే కూర్చుంది.

ఓనరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. కుడిచెంప బూరెలా పొంగి ఉంది.

"పన్ను పీకించుకుని వస్తా అమ్మాయ్. స్టేషన్ మాస్టారి జీవితకథ పుస్తకం పదహారు పేజీలు. ఒక్క పెద్ద కాగితం మీదే అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. నిన్ననే అన్నీ సెట్ చేసి పెట్టాను. నువ్వు ప్రింటు నొక్కు, ఆయన సంతకం తీసుకో, మెషీన్ బాబాయ్‌కి అచ్చు ప్లేటు ఇచ్చెయ్. రేపే ఆవిష్కరణ సభ. సెట్టింగుల్లో మాత్రం దేన్నీ ముట్టుకోకు."

"ముట్టుకోనండి."

ఆమె మాట తప్పలేదు. సెట్టింగులు ముట్టుకోలేదు. కీబోర్డు తుడిచింది, అంతే. భయం వేస్తే ఆమె చేతికి గుడ్డ దానంతటదే వస్తుంది. మీటల సందుల్లో ఎన్నాళ్లదో దుమ్ము. ఒక్క మీటా వదలకుండా తడిగుడ్డతో రుద్ది రుద్ది తుడిచి, తల ఎత్తి చూసేసరికి తెర మీద ఏవేవో పెట్టెలు టపటపా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. కంప్యూటరు ఆపకుండానే తుడిచానన్న సంగతి అప్పుడు తట్టింది. పెట్టెలన్నీ ఒక్కొక్కటే మూసేసి, దేవుడా అనుకుని ప్రింటు నొక్కింది.

బల్లంత కాగితం బయటికి వచ్చింది. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

కింది వరుసలో నాలుగు పేజీలు నిలబడే ఉన్నాయి కానీ, నాలుగు పక్కన పదమూడు, పదహారు పక్కన ఒకటి. పై వరుసలో నాలుగు పేజీలూ తలకిందులు. గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. కాగితం తిప్పి చూసింది. అవతల కూడా అదే భాగోతం.

"చంపావు కదే గుడ్డముక్కా," అని తడిగుడ్డని తిట్టింది.

వెనక గదిలో మెషీన్ బాబాయ్ నడుము దాకా యంత్రం కిందికి దూరి నూనె వేస్తున్నాడు. బయటికి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఆ కాళ్లతోనే మాట్లాడింది.

"బాబాయ్, ఒక్కసారి ఈ కాగితం చూసి పెడతారా?"

"నేను చూసేది ప్లేటే అమ్మాయ్," అన్నాయి కాళ్లు. "ప్లేటు ఎలా ఇస్తే అలా కొడతా. అందులో ఏముందని నేనడగను. ఈ ప్రెస్సులో ముప్పై ఏళ్లు నిలబడ్డానంటే ఎందుకనుకున్నావ్?"

ఇక మిగిలింది ఓనరే. ఫోను చేసింది. ఎత్తింది వేరే గొంతు.

"ఆయన మాట్లాడలేరమ్మా. నోట్లో నా చెయ్యుంది. పళ్ల డాక్టర్ని. ఏం చెప్పమంటారు?"

"పై వరుస మొత్తం తలకిందులుగా వచ్చిందని చెప్పండి సార్!"

"నేను పీకేది కింది పన్ను. పై వరుస జోలికే పోలేదు."

"పళ్లు కాదండీ బాబూ, పేజీలు! సరిచెయ్యమంటారా అని అడగండి."

"అడిగాను. కళ్లు ఇంత చేసి, చెయ్యి తెగ ఊపుతున్నారు."

"అంటే చెయ్యమనా, వద్దనా?"

"ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా అలాగే ఊపుతారమ్మా," అని డాక్టరు ఫోను పెట్టేశాడు.

చేయి ఊపడమంటే కానివ్వమనే అయి ఉంటుందని ఆమె సర్దిచెప్పుకుంది. సెట్టింగుల పెట్టె తెరిచింది. పేజీలకి ఎదురుగా బాణం గుర్తులు, అంకెలు, గళ్లు. ఒక పేజీని నిలబెడితే పక్క పేజీ పడుకుంది. దాన్ని లేపితే మొదటిది గోడవైపు తిరిగింది. ఇద్దరు పిల్లల్ని ఒకే మంచం మీద నిద్రపుచ్చినట్టే ఉంది వ్యవహారం. ముప్పావుగంట కుస్తీ పట్టాక పదహారు పేజీలూ దారికొచ్చాయి. ఇటు ఒకటి నుంచి ఎనిమిది, అటు తొమ్మిది నుంచి పదహారు, అన్నీ తల పైకెత్తుకుని బడిపిల్లల్లా వరుసగా నిలబడ్డాయి. నెలరోజుల్లో మొదటిసారి ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

మొదటి ప్రూఫుని ఎక్కడ దాచాలో తోచలేదు. చెత్తబుట్టలో వేస్తే ఓనరు రాగానే చూసేది దాన్నే. వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీ మీది మెత్త కింద తోసేసింది.

స్టేషన్ మాస్టారు పదిన్నరకే దిగాడు. రిటైరై ఆరేళ్లయినా ఎక్కడికి వెళ్లినా అరగంట ముందుంటాడు. వెనకే ఆయన భార్య, చేతిలో కళ్లజోడు పెట్టె. ఆయన నేరుగా వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కింద ఏదో కరకరలాడింది. మెత్త ఎత్తి, కాగితం లాగి, విప్పాడు.

"ఏమిటమ్మా ఇది?" గొంతు ప్లాట్‌ఫారం చివరిదాకా వినపడేలా ఉంది. "నా జీవితం తలకిందులైపోయింది!"

"అది కాదండీ, అది..."

"నేను పుట్టిన పేజీ ఇదీ. పక్కనే రిటైర్‌మెంటు! పుట్టగానే రిటైరయ్యానా?"

"అయ్యుంటే నా గతేం కాను," అంది ఆయన భార్య తాపీగా. "ఈ ఆరేళ్లకే నాకు ఓపిక అయిపోయింది."

"నువ్వుండవే! నా మొదటి పోస్టింగు చూడు, గాల్లో వేలాడుతోంది!"

"మాస్టారూ, అది పనికిరానిదండీ, పొరపాటున వచ్చింది. అసలు ప్రూఫు ఇదిగో." ఆమె రెండో కాగితం పరిచింది.

మాస్టారు ఒకటి నుంచి వేలుపెట్టి చదువుకుంటూ వెళ్లాడు. రెండు, మూడు, నాలుగు. ప్రతి పేజీ దాని చోట దాని టైముకి వచ్చింది. మొహం విప్పారింది. "ఇదీ పద్ధతంటే! ఇంత శ్రద్ధగా పనిచేసే పిల్లని నేను చూడలేదు. మీ ఓనరుకి చెబుతాను." అడుగున సంతకం గీకి, దాని కింద తేదీ, దాని కింద గంటా నిమిషమూ వేశాడు.

ఆమె గాల్లో తేలుతూ ప్లేటు తీయించి వెనక గదికి పట్టుకెళ్లింది. బాబాయ్ దాన్ని వెలుగులో పెట్టి చూసి ఒక్క క్షణం ఆగాడు. పేజీలన్నీ ఇలా నిలబడి ఉన్నాయంటే ఇదేదో గోడకి అంటించేదై ఉంటుందనుకున్నాడు. అడగడం ఆయన పద్ధతి కాదు గనక అడగలేదు. మెషీను దడదడమంది. అచ్చు చూసి గానీ కదలనని మాస్టారు దంపతులు అక్కడే టీ తెప్పించుకున్నారు.

టీ సగం అయ్యేసరికి గుమ్మంలో ఏడుపు వినిపించింది. అత్తయ్య, ఆవిడ భుజం మీద పాప.

"ఇక నా వల్ల కాదే తల్లీ," అంది అత్తయ్య. "తాతల నాటి పాటలన్నీ పాడేశాను. పాడేకొద్దీ ఇంకా ఏడుస్తోంది. తెచ్చిన గుడ్డలన్నీ తడిపేసింది కూడా."

"పాటకి తగ్గ మర్యాదే చేసిందండీ," అంది మాస్టారి భార్య, పాప గడ్డం పట్టుకుని.

పాపని బల్ల మీద పడుకోబెట్టాలి. బల్ల చల్లగా ఉంది. చేతికందింది మొదటి ప్రూఫు, ఆ తలకిందులది. ఎలాగూ పారేసేదే. పాప గుడ్డలు మడిచినట్టే దాన్ని ఇటునుంచి అటు ఒక మడత, పైనుంచి కిందికి ఒక మడత, మళ్లీ ఇటునుంచి అటు ఒక మడత వేసి, అరచేత్తో నొక్కింది. పాపని ఎత్తి దాని మీద పెట్టబోతూ ఆగిపోయింది.

మడత మీద ఒకటో పేజీ ఉంది. నిలబడి ఉంది.

తిప్పి చూసింది. వెనక పదహారు.

పాపని అత్తయ్య చేతుల్లోకి తోసేసి, కత్తెర అందుకుని అంచులు కోసింది. రెండు. మూడు. నాలుగు పక్కన అయిదు, అదీ తిన్నగా. ఇందాక గాల్లో వేలాడిన పేజీలన్నీ ఇప్పుడు కాళ్లమీద నిలబడి ఉన్నాయి. పుస్తకం. ముచ్చటైన పదహారు పేజీల పుస్తకం. ఓనరు పెట్టింది పెట్టినట్టే ఉంది. తడిగుడ్డ పాపం ఏమీ లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, తను సరిచేసిందే ఒకే ఒక్క తప్పు. ఆ తప్పు ఇప్పుడు దడదడమంటూ అచ్చవుతోంది.

"ఆపండి బాబాయ్! ఆపండి!"

ఆ మోతలో ఆయనకి వినపడలేదు. ఆమె వెళ్లి ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడింది. వెనకే పాపతో అత్తయ్య, ఆవిడ వెనక టీ గ్లాసుతో మాస్టారు, కళ్లజోడు పెట్టెతో ఆయన భార్య. ఊరేగింపు చూసి బాబాయ్ మీట దించాడు. అప్పటికి రెండు వందల కాగితాలకి ఒకవైపు అచ్చయిపోయింది.

"ఆపడమేంటి?" అన్నాడు మాస్టారు. "సంతకం పెట్టానంటే జెండా ఊపినట్టే. కదిలిన బండి ఆగదు!"

"మాస్టారూ, మీరు సంతకం పెట్టింది తప్పు ప్రూఫండీ. నేనే పాడుచేశాను." ఆమెకి కన్నీళ్లు ముక్కులోకి దిగాయి. "మడిచి చూడండి."

ఆయన అనుమానంగా అచ్చు కాగితం ఒకటి తీసి, ఆమె చెప్పినట్టే మూడు మడతలు వేశాడు. పైన వచ్చింది ఎనిమిదో పేజీ. వెనక ఏడు. అంచు ఎత్తి లోపలికి తొంగి చూస్తే, అయిదో పేజీ ఉండాల్సిన చోట ఒకటో పేజీ తలకిందులుగా ఉంది.

"నడిమధ్య నుంచి మొదలై, పుట్టుక దగ్గరికి వచ్చేసరికి బోర్లాపడింది," అంది భార్య. "నిజం చెప్పాలంటే మీరు కథలు చెప్పేది ఇలాగే."

సరిగ్గా అప్పుడే ఓనరు వచ్చాడు. బుగ్గ నిండా దూది, సగం మొహం మొద్దుబారి ఉంది. కాగితాల దొంతర చూశాడు. ప్లేటు చూశాడు. పాపని చూశాడు. ఏదో అన్నాడు. దూది ఊడిపడబోతే చేత్తో పట్టుకున్నాడు.

ఆమె మొత్తం చెప్పేసింది, గుడ్డ దగ్గర్నుంచి మెత్త దాకా, ఒక్కటీ దాచకుండా. ఓనరు పెన్ను తీసి ఒక చీటీ మీద రాయసాగాడు. ఇంత సేపు రాస్తున్నాడంటే పనిలోంచి తీసేసినట్టేనని ఆమెకి ఖాయమైపోయింది.

మాస్టారు మాత్రం ఈ లోకంలో లేడు. కోసిన ప్రూఫు పక్కన పెట్టుకుని, ఓనరు నిన్న దాచిపెట్టిన ఫైల్లోంచి తలకిందుల కాగితం కొత్తది ఒకటి ఆమె చేత ప్రింటు తీయించుకున్నాడు. మడుస్తాడు, విప్పుతాడు, మళ్లీ మడుస్తాడు. "చూశావటే! విప్పితే గందరగోళం, మడిస్తే టైంటేబుల్! యార్డులో బళ్లు సర్దినట్టే. ముప్పై ఆరేళ్లు నేను చేసిందీ ఇదే కదా!"

"మరి ఈ రెండు వందలూ?" అంది ఆమె, అచ్చయిన దొంతర వైపు చూడలేక చూస్తూ.

"అవి ఇవ్వమ్మా," అంది మాస్టారి భార్య. "ఒకటి నుంచి ఎనిమిది దాకా నిలువునా ఉన్నాయి. రేపు సభకొచ్చేవాళ్లు కూర్చునేలోగా గోడల మీద చదువుకుంటారు. అప్పుడు ఈయన ప్రసంగం కాస్త తగ్గుతుంది."

"గోడకేనని నేను ప్లేటు చూడగానే అనుకున్నా," అన్నాడు బాబాయ్.

"మరి చెప్పవేం బాబాయ్!"

"అడిగితేగా."

ఓనరు చీటీ అందించాడు. ఆమె ఒక కన్ను మూసి చదివింది. 'ముట్టుకోవద్దన్నాను, ఎందుకో చెప్పలేదు. సగం తప్పు నాది. పేజీలు తిప్పడం నాకు రావడానికి ఆరు నెలలు పట్టింది, నువ్వు ముప్పావుగంటలో తిప్పావు, అదీ తప్పువైపుకి. మిగతా సగం తప్పు సంగతి రేపు నువ్వు పనిలోకి వచ్చాక మాట్లాడుకుందాం.'

మొత్తం ఒకసారి చదివింది. 'రేపు' అన్న మాట నాలుగుసార్లు చదివింది. తర్వాత పాపని అందుకుని, ఆ చెంపా ఈ చెంపా ముద్దులు పెట్టింది. అత్తయ్యకీ ఒకటి పెట్టబోయి తమాయించుకుంది.

"ఏం రాశాడే?" అంది అత్తయ్య.

"రేపు రమ్మన్నారత్తయ్యా!"

"ఏదో లాటరీ తగిలినట్టు చెబుతావేం? నేను రేపు కూడా పాటలు పాడాలన్నమాట."

మాస్టారు మడిచిన కొత్త ప్రూఫుని మోకాలి మీద పెట్టుకుని, తన మొదటి పోస్టింగు ఉన్న అయిదో పేజీ తెరిచి, దాని కింద తేదీతో, గంటా నిమిషాలతో పెద్ద సంతకం పెట్టి ఇచ్చాడు. ప్లేటు కోసం ఆమె కాగితం విప్పి బల్ల మీద పరిచింది. సంతకం తలకిందులుగా ఉంది. ఈసారి ఎవరూ సరిచేయలేదు.