చదవకుండా చర్చించే సుఖం

పరిశోధనా పత్రాలను చదవకుండా చర్చించడమే మన విశ్వవిద్యాలయాలకు శ్రీరామరక్ష! నవ్వకండి. కుప్పంలో పంతొమ్మిదేళ్లుగా శుక్రవారం సెమినార్లకు అధ్యక్షత వహిస్తున్నవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

చదివితే ఏమవుతుంది? సందేహం వస్తుంది. సందేహం వస్తే ఎవరో ఒకరు ప్రశ్న వేస్తారు. ఈలోగా సమోసాలు చల్లారిపోతాయి! చదవనివాడికి ఈ బాధ లేదు. "మెథడాలజీ ఇంకాస్త బలంగా ఉండాలి" అంటే సరిపోతుంది. మేకల మీద పేపరైనా, మేఘాల మీద పేపరైనా ఆ మాటకు తిరుగులేదు. మా మురళీధర్ గారు ఆ ఒక్క వాక్యంతోనే ప్రొఫెసరయ్యారు.

ఇంత ప్రశాంతమైన చోటికి సింధు అనే రీసెర్చ్ స్కాలర్ వచ్చిపడింది. మదనపల్లె అమ్మాయి. తల్లి అన్నమ్మగారు ఆసుపత్రిలో నర్సు. చీటీ రెండుసార్లు చదవందే రోగికి మాత్ర ఇవ్వరట. ఆ జబ్బు కూతురికీ అంటుకుంది.

పోయిన నెల సింధు వంతు. పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక పల్లెలో జనం మేకల పెంపకం ఎందుకు మానేస్తున్నారన్న విషయం మీద ఎప్పుడో అచ్చయిన పేపరును ఆమె సమీక్షించాలి. మేమంతా హాయిగా తలలూపుతున్నాం.

"నూట ఇరవై కుటుంబాలను కలిసినామని రాసుండారు సార్. నేను పోయి సూసొచ్చినాను. ఆడ ఉండేదే నలభై ఇండ్లు," అంది.

నాకు ఆవేశం పొంగుకొచ్చింది. ఇలాంటి అవకాశాన్ని ఏ అధ్యక్షుడు వదులుకుంటాడు? బల్ల గుద్దాను. "ఎవరమ్మా ఈ ప్రబుద్ధులు? పేర్లు చదువు!"

"వద్దులే సార్."

"చదవమంటున్నానా!"

"మొదటి పేరు మురళీధర్ సార్‌ది. రెండోది... మీదే సార్."

మురళీధర్ గారు సమోసా నమలడం ఆపేశారు.

నా తప్పేముంది చెప్పండి? ఎనిమిదేళ్ల కిందటి సంగతి. ఆయన పేపర్లో నా పేరు, నా పేపర్లో ఆయన పేరు. స్నేహమంటే అదే కదా! అసలు రాసిన విద్యార్థి ఎవరో మా ఇద్దరికీ గుర్తులేదు.

సింధు లెక్కే తప్పని తేల్చేద్దామని మర్నాడు ఆమెతోనే ఆ పల్లెకు బయలుదేరాను. బస్సు పుంగనూరు చేరేసరికి నా పేపరును మొదటిసారి పూర్తిగా చదివాను. పదకొండు పేజీలు! ముగింపులో, "స్థానికులకు మేకల పెంపకంపై ఆసక్తి లేదు" అని ఉంది.

ఆ పల్లెలో యల్లప్ప అనే పెద్దాయన ఆరు మేకలను తోలుకొస్తూ కనిపించాడు. ఆసక్తి సంగతి అడిగాను.

"ఎవురప్పా సెప్పింది? మేపేదానికి బీడు యాడుండాది? సుట్టూ కంచెలేసేసినారు. మీకిష్టం లేదంట గదా, ఎవురో పెద్ద సదువులోళ్లు రాసినారంట అని మేకలకి మందులేసే క్యాంపు గూడా ఎత్తేసినారు. ఆ ఏడు నావే పద్దెనిమిది సచ్చిపోయినాయి."

అంటే మా పేపర్లో ఆ ఒక్క వాక్యాన్ని ఎవరో చదివారన్నమాట!

"మీరేం పని సేస్తారు సార్?" అని అడిగాడు యల్లప్ప. నేను ఆయన మేకల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సింధు నా సంగతి చెప్పినా బాగుండేది.

తిరిగొచ్చి పత్రికకు రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆ పేపరు తప్పు, ఉపసంహరించండి అని వేడుకున్నాను. యల్లప్ప మాటలన్నీ పెట్టాను. మురళీధర్ గారు సంతకం చేయనన్నారు. నేనొక్కణ్ణే చేశాను.

నిన్న జవాబొచ్చింది. "మీ కొత్త పరిశోధనా పత్రం అందింది. మా నిపుణులు క్షుణ్ణంగా చదివి ప్రశంసించారు. వచ్చే సంచికలో ప్రచురిస్తున్నాం."

సింధుకు చూపించాను. కాసేపు నవ్వి, నేను పత్రికకు రాసిన ఉత్తరం కాపీని మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"క్యాంపు ఎత్తేసిన ఆఫీసుకు మనమే పోదాం సార్. వాళ్ల ముందర కూర్చోని, మీరే గట్టిగా సదివి వినిపించండి."

సోమవారం పోతున్నాం. సెమినార్ అధ్యక్షుడినై ఉండి, ఒక కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదవాల్సిన గతి పడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు!