నలభై కేబీ కుట్ర

సోమవారం పొద్దున ముత్యాలప్ప పెట్టుకున్న పని ఒక్కటే. కోడలు సింధు ఫ్యాక్టరీ బస్సు ఎక్కేలోపల ఆమె చేత సంఘం అభ్యంతరాల ఫైలు సర్కారు సైటుకు పంపించాలి. తర్వాత తాను బస్సు పట్టుకుని కృష్ణగిరిలో మధ్యాహ్నం విచారణకు పోవాలి. అంతే. ఇంత చిన్న పనిని చెడగొట్టడానికి శత్రువు అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతున్న మనిషి చాలు.

పని చిన్నదే గాని విషయం చిన్నది కాదు. తమిళనాడులో తళి దగ్గర వాళ్ళ ఊరంతా గులాబీ షెడ్లే. పెద్ద కరెంటు లైనొకటి ఊరి బంజరు గట్టు మీదుగా పోతుందని మొదట అన్నారు. ఆ గట్టు పక్కన ఎవరో పెద్దమనిషి లేఅవుట్ వేశాడు. వేయగానే లైను జరిగి వచ్చి గులాబీ షెడ్ల నెత్తిన నిలబడింది. కాగితం మీద లైన్లకు కాళ్ళుంటాయి, అవి ఎప్పుడూ రైతు వైపే నడుస్తాయి. పాత లైనుకు గుర్తుగా గట్టు పొడుగునా నంబర్లు చెక్కిన రాళ్ళుండేవి. పోయిన నెలలో అవి ఒక్కొక్కటే మాయమయ్యాయి. లైను కంపెనీవాళ్ళు ఆ గట్టు ముఖమే చూడలేదన్నారు. రాళ్ళు ఉండేవని చూపడానికి ఇక మిగిలినవి సంఘం కార్యదర్శి నాగేశప్ప ముందే తీసిపెట్టిన ఫోటోలు మాత్రమే. అభ్యంతరాలు మధ్యాహ్నం పన్నెండు లోపల పంపాలి. ఒకే ఫైలుగా ఉండాలి, ముప్పై ఎంబీ దాటకూడదు. అది పోకపోతే షెడ్లు పీకేస్తారు.

ముత్యాలప్ప సంఘానికి అధ్యక్షుడు. ఎవరినీ నమ్మడు. బస్సు బోర్డు చదివాక కూడా కండక్టరును ఒకసారి, డ్రైవరును ఒకసారి విడివిడిగా అడిగి, ఇద్దరి జవాబులూ కలిస్తేనే ఎక్కుతాడు. ఇక ఆఫీసులనైతే అసలు నమ్మడు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కొత్త అర్జీ ఏది రాసినా పాత అర్జీలోని సంగతంతా అక్షరం తప్పకుండా మళ్ళీ రాస్తాడు. "ఒకసారి చెప్తే పారేస్తారు. ఊరికే చెప్తా ఉంటే యాడో ఒకచోట ఒకటన్నా మిగుల్తుంది" అనేది ఆయన సిద్ధాంతం. మూడేళ్ళుగా ఫోనుకు నోటితో చెప్పి, పడిన అక్షరాలను ఒకే ఫైల్లో కిందికి కిందికి చేర్చుకుంటూ వచ్చాడు. అది రెండు ఎంబీ అయింది. నాగేశప్ప ఫోటోలు ఇరవైతొమ్మిది ఎంబీ. రెండూ కలిస్తే హద్దు దాటుతుంది.

"అయిపోయింది మామయ్యా. రెండూ కలిపి జిప్ చేశాను, ముప్పైకి లోపలే వచ్చింది. పంపేయనా?" అంది సింధు. ఒంగోలు వైపు పిల్ల. ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాదయింది.

ముత్యాలప్ప కళ్ళజోడు తగిలించుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. నాగేశప్ప ఫోటోలు ముందూ ఇరవైతొమ్మిది ఎంబీ, జిప్ చేశాకా దాదాపు అంతే. తన అర్జీలు ముందు రెండు ఎంబీ, అంటే రెండువేల కేబీ. జిప్ చేశాక నలభై కేబీ.

"నాది యాడికి పోయె?"

"ఎక్కడికీ పోలేదు మామయ్యా. అంతా లోపలే ఉంది."

"రెండువేలు నలభై అయినాక లోపల ఏముంటాదమ్మా, తొక్కా?"

సింధు వాచీ చూసుకుంది. "మీరు 'ఈ లైను అక్రమం, మా నోటికాడ కూడు తీయొద్దు' అని ప్రతి అర్జీలో చెప్పారు కదా. మిషను దాన్ని ఒక్కసారే రాసుకుంటుంది. మళ్ళీ అదే మాట వచ్చినచోట 'ఇంత వెనక్కి పోయి ఇన్ని అక్షరాలు తెచ్చుకో' అని చిన్న గుర్తు పెట్టుకుంటుంది. ఫైలు తెరిస్తే అన్నీ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టేస్తుంది. ఒక్క చుక్క కూడా పోదు."

"అంటే, పైన చెప్పిందే అని కొట్టేసింది."

"కొట్టేయలేదు మామయ్యా, గుర్తుపెట్టుకుంది!"

"ఆఫీసోడూ అదే అంటాడు, గుర్తు పెట్టుకున్నానని. సరే, నాగేశప్పవి ఎందుకు తగ్గలా?"

"ఫోటోలను ఫోనే ముందు పిండేసి ఇస్తుంది. పిండిన బట్టను మళ్ళీ పిండితే నీళ్ళేం వస్తాయి?"

వివరం మొత్తం నిజం. నిజం మనిషిని శాంతపరుస్తుందని ఎవరన్నారో గాని, వాళ్ళు ముత్యాలప్పను చూడలేదు. ఆయనకు అర్థమయింది ఒకటే, తన మాటలు తీసేసి నాగేశప్ప బొమ్మలకు చోటు చేశారని. దాని మీద వంటింట్లోంచి భార్య వెంకటలక్ష్మమ్మ, ఏ పాపమూ ఎరగని గొంతుతో, ఇంకో పుల్ల వేసింది.

"నిన్న సాయంకాలం నాగేశప్ప వచ్చిపోయినాడు. 'నా ఫోటోలు చెడిపోకుండా చూడమ్మా' అని సింధుకు చెప్పినాడు. బీన్సు గూడా ఇచ్చిపోయినాడు."

"బీన్సా!" ముత్యాలప్ప కుర్చీలోంచి లేచాడు. "లంచమా?"

"రాత్రి రెండుసార్లు పెట్టించుకొని తిన్నావే, అదే బీన్సు."

వీధి చివర ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. సింధు బ్యాగు అందుకుంది. "ఊఁ అంటే పంపేస్తాను మామయ్యా."

"వద్దు. దాన్ని పెన్ డ్రైవులో వేసి ఇయ్యి. నేను చూసుకుంటాను."

సింధు వేసి ఇచ్చి పరుగెత్తింది. ముత్యాలప్ప ఆ పెన్ డ్రైవును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పిన్నీసు గుచ్చాడు. అది ఇప్పుడు ఫైలు కాదు, సాక్ష్యం.

తళి బస్టాండు పక్కన మంజు అనే ఆయమ్మ జిరాక్సు కొట్టు నడుపుతుంది. సైట్లకు పంపే పనులూ చేస్తుంది. ఆమె జిప్‌ను కంప్యూటర్లో విప్పింది. ముత్యాలప్ప అర్జీల ఫైలు నిండుగా బయటికొచ్చింది. రెండువేల కేబీ.

"అంతా ఉండాది గదప్పా. ఏమీ పోలేదే," అంది మంజు.

ఇక్కడ ఎవరైనా ఊపిరి పీల్చుకుని ఇంటికి పోతారు. ముత్యాలప్ప మొహం ఇంకా నల్లబడింది.

"చూసినావా మంజూ? నాకు చూపేటప్పుడు నలభై, నీకు చూపేటప్పుడు రెండువేలు. ఆడ కృష్ణగిరిలో అధికారికి ఏది చూపిస్తారో! రెండు లెక్కలు పెట్టుకున్నోడు యావడైనా దొంగే. నా ఫైలు ముట్టుకోవద్దు. నిండుగానే పోవల్ల. ఫోటోలు తగ్గించు."

"కొంచెం తగ్గిస్తే చాలప్పా, పట్టేస్తుంది."

"కొంచెం కాదు. నన్ను ఎంత తగ్గించినారో వాణ్ణీ అంతే తగ్గించు. న్యాయం న్యాయమే."

మంజు మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. "ఇది జిప్ మాదిరి కాదప్పా. జిప్ మూటగట్టి మళ్ళీ విప్పుతుంది. ఫోటోను తగ్గిస్తే అది కొంత పారేస్తుంది. పారేసింది మళ్ళీ రాదు."

"రాకపోతే ఏమి, వాని బొమ్మలే గదా!"

తగ్గించింది. ఆ పాత చిన్న తెర మీద రాళ్ళు రాళ్ళలాగే కనిపించాయి. అన్నిటినీ కలిపి, కుదించకుండా ఒకే మూటగా కట్టి, గడువులోపలే పంపేసింది. సైటు సంతోషంగా మింగింది. ముత్యాలప్ప చాలా రోజుల తర్వాత నవ్వాడు.

డెంకణికోటలో నాగేశప్ప అదే బస్సెక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. ముత్యాలప్ప ఎంత అనుమానిస్తాడో ఈయన అంత నమ్ముతాడు. రెండూ రోగాలే.

"పంపించేసినారా అప్పా? సింధమ్మ ఉండంగా నాకు బయమే లేదు," అన్నాడు. "ఫోన్లో జాగా లేదని చెప్పి, ఆయమ్మకు ఇచ్చేసినాక ఫోటోలన్నీ తీసేసినాను."

ముత్యాలప్ప తన సంచీని ఇద్దరి మధ్యకు జరిపాడు. తీసేశాడట! ఎందుకు తీసేశాడు? ఎవరు తీయమన్నారు? రాయకోట దాటేదాకా కిటికీలోంచి చూస్తూ ఈ ప్రశ్నలే నమిలాడు. చొక్కా జేబు మీద చెయ్యి తీయలేదు.

కృష్ణగిరిలో విచారణ హాల్లో అధికారిణి ఒక వైపు కూర్చుంది. ఎదురుగా లైను కంపెనీ ఇంజనీరు, ఆయన కుర్చీకి పచ్చ గొడుగు వేలాడుతోంది. వెనకాల ఊరివాళ్ళు. గోడ మీద పెద్ద తెర. ముందు ముత్యాలప్ప అర్జీలు తెరిచారు. అధికారిణి మొదటిది చదివింది. రెండోది చదివింది. తమిళం, తెలుగు కలిపి అడిగింది.

"మూడోదీ ఇదేనా?"

"ఇదే మేడమ్. మీరు మర్చిపోతారని."

"నాలుగోది?"

"మూడోది మర్చిపోతే అని."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఫోటోలు వేయండి," అంది.

ఫోటో గోడంత అయింది. మంజు కొట్టు తెర మీద రాయిలా ఉన్నది ఇక్కడ చదరాలు చదరాలుగా, ఎవరో బూజు పట్టిన పచ్చడిని గోడకు పూసినట్టుంది. రాయి ఎక్కడ మొదలై గట్టు ఎక్కడ ముగిసిందో తెలియదు. నంబరు లేదు. పక్కన ఇంకేదో నల్లటి మరక నిలబడి ఉంది. ఇంజనీరు పొట్ట ఊగేలా నవ్వాడు.

"మేడమ్, ఆ పక్కన ఉండేది ఏమిటి? మేకా? మేకను సాక్షిగా తెచ్చినారా?"

హాల్లో సగం మంది నవ్వారు. ఊరివాళ్ళు నవ్వలేదు. అధికారిణి పెన్ను మూత తీసింది. "నంబరు కనబడని రాయిని నేనెట్లా ఒప్పుకునేది? అసలు ఫోటోలు లేకుంటే ఈ అభ్యంతరం నిలవదు."

నాగేశప్ప జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు. ఫోన్లో లేవు, తీసేశాడు. సింధు ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది, దాని పాస్‌వర్డు సింధు తలలో ఉంది, సింధు హోసూరులో ఫ్యాక్టరీ లోపల ఉంది, ఆమె ఫోను ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల సొరుగులో ఉంది. "నేను తీసింది ఇట్లా లేదు మేడమ్," అని మాత్రం అనగలిగాడు. షెడ్లో ఆయన మొక్కలు ఈ నెలే పూతకొచ్చాయి.

అది చూసి జాలిపడాల్సిన అధ్యక్షుడు లేచి, వేలు ఎత్తి, కార్యదర్శి వైపు చూపించాడు.

"ఆగండి మేడమ్! వీడు పోయినాడు. అమ్ముడుపోయినాడు! చెడిపోయిన బొమ్మలిచ్చి, మంచివి తీసేసినాడు. నా సొంత కోడల్ని గూడా బీన్సు ఇచ్చి కలుపుకున్నాడు. నా రెండువేలను నలభై చేసినారు! సాక్ష్యం ఉండాది!"

"అప్పా, నేనా?" అన్నాడు నాగేశప్ప. ముత్యాలప్ప వినలేదు. పిన్నీసు తీశాడు, వేలికి గుచ్చుకుంది, అయినా ఆగకుండా పెన్ డ్రైవును బల్ల మీద పెట్టాడు.

అధికారిణికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా సాక్ష్యమన్నాడు కదా అని తెరిపించింది. జిప్ విప్పుకుంది. సింధు పొద్దున లోపల పెట్టింది పెట్టినట్టు బయటికొచ్చింది. మొదటి ఫోటో గోడ మీద పడింది.

రాయి. రాయి మీద నాచు. నాచు మధ్య చెక్కిన నంబరు. దాని కింద కొత్తగా పూసిన ఎర్ర రంగు, ఇంకా ఆరక కారిన చార. ఆ పక్కన, ఇందాక మేక నిలబడ్డ చోట, చేతిలో కొలత టేపు, నెత్తిన పచ్చ గొడుగుతో ఒక మనిషి.

హాల్లో అందరి తలలూ ఒక్కసారిగా కుర్చీకి వేలాడుతున్న గొడుగు వైపు తిరిగాయి.

"ఆ గట్టు ముఖమే చూడలేదన్నారు," అంది అధికారిణి. ఇంజనీరు గొడుగును కాలితో కుర్చీ కిందికి నెట్టబోయాడు. అది జారి టపీమని తెరుచుకుంది.

పాత రాళ్ళ వరస మీదే మళ్ళీ కొలవాలనీ, అంతదాకా షెడ్ల మీద ఎవరూ చెయ్యి వేయకూడదనీ ఆమె అక్కడే రాయించింది. ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో ఆమె ముత్యాలప్పను అడిగింది. "కుట్ర అన్నారు. ఏది ఆ కుట్ర?"

ముత్యాలప్ప గోడ మీది ఫోటో చూశాడు, మంజు చెప్పిన మాట గుర్తొచ్చింది. పారేసింది మళ్ళీ రాదు. పారేయించింది ఎవరు? "కుట్ర... ఆ గొడుగాయనదే మేడమ్," అన్నాడు నెమ్మదిగా. పొద్దుటి నుంచి కోడలిని, కార్యదర్శిని, ఆఖరికి బీన్సును కూడా అనుమానించిన మనిషి, రాళ్ళు పీకినవాడిని అనుమానించడం అదే మొదటిసారి.

బస్సులో నాగేశప్ప ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత తెలివప్పా నీది! ముందు చెడిపోయినవి చూపించి ఆయన్ని నవ్వించి, నామీద అరిచినట్టు అరిచి, ఆఖర్లో అసలువి పెట్టినావు. నాకు గూడా చెప్పలేదే!"

ముత్యాలప్ప కాదనలేదు. సంచీని మాత్రం ఇద్దరి మధ్య నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంట్లో సింధు అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన ఆమెను కాసేపు చూసి గొంతు సవరించుకున్నాడు. "ఒప్పుకుంటానమ్మా. ఒక్క అక్షరం పోలా. ఒక్క నంబరు పోలా. కానీ ఒకటి చెప్పు. మూడేండ్లు నేను చెప్పిన మాటలు నలభై కేబీలో ఎట్లా పట్టె?"

సింధు జవాబు తెలిసీ నవ్వు ఆపుకుంటూ కాళ్ళు తుడుచుకుంది. వంటింట్లోంచి వెంకటలక్ష్మమ్మ అంది:

"ఎందుకు పట్టదు? పెండ్లయినప్పటి నుంచి నేను వింటా ఉండేది ఆ నలభైయే గదా."

ఆ మాట ఆమె రెండోసారి అనలేదు.