నోరెత్తని కార్డు రీడరుకు రెండు సెకన్ల మర్యాద

రెండు సెకన్లు ఆగడానికి జరగవలసిన పనులు ఇవి: లోపం ఉందని ఒక ఫారం నింపాలి. లోపం లేదని సరఫరాదారు నుంచి ఉత్తరం తెప్పించాలి. రెండింటినీ ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలు మీద సమావేశం జరపాలి. సమావేశంలో ఎవరు నోరు విప్పవచ్చో తేల్చడానికి అంతకుముందే ఇంకో సమావేశం జరిగి ఉండాలి. ఆ తర్వాత, వీలు చిక్కితే, ఆగాలి.

మానవజాతి నిప్పు తర్వాత సాధించిన గొప్ప విజయం క్రమపద్ధతి అని మా సంస్థ గోడ మీద రాసి ఉంది. (నిప్పు కనిపెట్టినవాడు ఏ ఫారం నింపాడో రాయలేదు.)

విషయం చిన్నదే. ఆసుపత్రుల్లో రోగులు కార్డు పెట్టి తమ వంతు నంబరు తీసుకునే యంత్రాలను మేము తయారుచేస్తాం. కరెంటు రాగానే అందరికంటే ముందు మేలుకుని, మిగతా భాగాలను ఒక్కొక్కటిగా తట్టిలేపే చిన్న ప్రోగ్రాం ఒకటి వాటిలో ఉంటుంది. దాన్ని బూట్‌లోడర్ అంటారు. (ప్రతి ఇంట్లోనూ ఈ పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. వాళ్లనూ ఎవరూ పట్టించుకోరు.) దాన్ని రాసేది నేను.

ఈ ఏడాది చవగ్గా వచ్చిందని కొన్న కార్డు రీడరు ఒకటి యూఎస్‌బీ తీగ చివర కూర్చుని "నేను సిద్ధం" అంటుంది. సరే, నువ్వెవరు అని బూట్‌లోడర్ అడుగుతుంది. అంతే, ఉలుకూ పలుకూ ఉండదు. బూట్‌లోడర్ ఒట్టి అమాయకురాలు. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలదు. తెర నల్లగా, తెర ముందు వరస పొడుగ్గా ఉండిపోతాయి.

ఈ సంగతి పట్టుకున్నది టెస్టింగ్ గదిలోని అక్క. పద్నాలుగేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగమే. ఏటా ఒప్పందం పొడిగిస్తారు. ఈసారి గడువు నెలాఖరు. మా నియమం ప్రకారం, లోపం ఉందని రాసినవారే దాన్ని ముప్పై రోజుల్లో నిరూపించాలి. నిరూపించలేకపోతే అది రాసినవారి లోపంగా నమోదవుతుంది. ఒక్క లోపం నమోదైతే పొడిగింపు లేదు. ఇవన్నీ తెలిసి కూడా అక్క ఫారం నింపింది. యంత్రాన్ని మూడు వందల సార్లు ఆపి, మూడు వందల సార్లు వేసింది.

"ఇది మొండిది కాదు తమ్ముడూ," అంది, స్విచ్ మీద నుంచి వేలు తియ్యకుండానే. "తొందరపాటుది. కళ్లు తెరవకముందే లేచానంటుంది. కాస్త ఆగి అడుగు, పలుకుతుంది."

"కాస్తంటే ఎంతక్కా?"

"కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేంత."

కొలిచి చూస్తే ఒక సెకను, పైన తొమ్మిది వందల మిల్లీసెకన్లు. నేను ఏడు లైన్లు రాశాను. ఈ రీడరు కనబడితే రెండు సెకన్లు ఆగు. అప్పుడు అడుగు. పలకకపోతే ఒకసారి దాన్ని ఆపి మళ్లీ లేపు. అప్పటికీ పలకకపోతే వదిలేసి ముందుకు నడు. ఆ లైన్ల పైన, తర్వాత చదివేవాళ్ల కోసం ఒక వ్యాఖ్య: "ఈ రీడరు సరిగ్గా నడుచుకోదు." దాని పక్కనే, కనిపెట్టినది ఫలానా అని అక్క పేరు.

గడువుకు రెండు రోజుల ముందు పరికర ప్రవర్తనా సమీక్షా సంఘం కొలువు తీరింది. అధ్యక్షత ప్రమాణాల అధికారిది.

"ధ్రువపత్రం ఉన్న పరికరం తప్పుగా ప్రవర్తించదు," అని ఆయన ప్రారంభించాడు. "ప్రవర్తిస్తే, అదే సరైన ప్రవర్తన. ఏదీ, చూపించండి."

అక్క స్విచ్ వేసింది. రీడరు చక్కగా పలికింది.

"బాగానే ఉందిగా. మరి లోపమేదమ్మా?"

"ఆ ఏడు లైన్లు ఉన్నాయి కాబట్టి పలికింది సార్."

"తీసేయండి."

తీసేశాను. తెర నల్లగా నిలిచిపోయింది. అక్క మొహంలో మొదటిసారి కాస్త వెలుగు వచ్చింది.

"ఇప్పుడు మీరు తీశారు కాబట్టి ఆగింది," అన్నాడాయన. "అంటే లోపం తియ్యడంలో ఉంది."

సభ్యులందరూ రాసుకున్నారు. (ఒకాయన రెండుసార్లు రాసుకున్నాడు, భద్రత కోసం.)

తర్వాత నా వ్యాఖ్య చర్చకు వచ్చింది. "సరిగ్గా నడుచుకోదు" అనే మాట సరఫరాదారు మనసు నొప్పిస్తుందని, దాని బదులు "పరికరాల గౌరవార్థం ఆగుచున్నాము" అని మార్చారు. ఒక్క రీడరు దగ్గరే ఆగడం పక్షపాతమని, యంత్రంలోని ఐదు పరికరాల దగ్గరా తలా రెండు సెకన్లు ఆగాలని తీర్మానించారు.

"మంచివాటిని కూడా నిలబెడతారా సార్?" అక్క ఆపుకోలేకపోయింది.

"అవి మంచివని మీకెలా తెలుసు? వాటి మీద ఫారమే లేదు కదా!"

ఇక తాత్కాలిక ఉద్యోగి పేరు శాశ్వతమైన కోడ్‌లో ఉండరాదని నిబంధన గుర్తుచేసి, అక్క పేరు తీసేశారు.

సమావేశం నివేదిక రెండు వాక్యాలు. లోపం: లేదు. పరిష్కారం: ఆమోదించడమైనది. హాజరైన వాళ్లందరం కింద సంతకాలు చేశాం. నేనూ చేశాను. (చేయకపోతే ఎందుకు చేయలేదో తెలిపే ఫారం ఒకటుంది. మూడు పేజీలు.) లేని లోపాన్ని రాసినందుకు అక్క మీద ఒక లోపం నమోదైంది.

నెలాఖరున ఆమె గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి, చేతిసంచీ సర్దుకుంది.

"నేను సంతకం పెట్టకుండా ఉండాల్సిందక్కా."

"పెట్టకపోతే ఇద్దరం కలిసి పోయేవాళ్లం, అంతేగా. కోడ్ చూసుకోవడానికి ఒకరుండాలిలే." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అన్నట్టు తమ్ముడూ, ఆ నంబరు చీటీల ప్రింటరు కూడా అబద్ధమాడుతోంది. నేను ఫారం రాయలేదు. రాస్తావో లేదో నీ ఇష్టం."

నేనింకా రాయలేదు.

యంత్రాలు ఇప్పుడు చాలాచోట్ల పనిచేస్తున్నాయి. ఎప్పుడైనా ఆసుపత్రిలో మీరు వరసలో ఉండగా కరెంటు పోయి వచ్చి, తెర పది సెకన్లు నల్లగా నిలబడితే, దయచేసి దాన్ని తట్టకండి, తిట్టకండి. మా అక్కను ఒకసారి తలచుకోండి. ఆమె పేరు మీకు తెలియదు, యంత్రానికీ తెలియదు. పది సెకన్లలోపు ముగించండి. అంతకు మించితే విడిగా అనుమతి తీసుకోవాలి.