ఉత్తమ శ్రోత

ఒక పెద్ద అడవిలో పాడేవాళ్లకు కొదవ లేదు, వినేవాళ్లే దొరికేవాళ్లు కాదు. మీకు తెలిసిన ఊరేదైనా గుర్తొస్తే ఆ పూచీ నాది కాదు.

ఆ అడవిలో మంజువాణి అనే పాలపిట్ట ఉండేది. పేరు మంజువాణే గానీ గొంతు కాస్త బొంగురు. అయితేనేం, పాటలు తనే కట్టేది, తనే పాడేది. ఎండిన సొరబుర్రకు రెండు తీగలు బిగించి, ముక్కుతో మీటుతూ పాడుతుంటే ఆ బొంగురులోనే ఏదో ఉండేది. ఏముందో చెప్పడానికి మాత్రం ఎవరూ చివరిదాకా విని ఎరగరు.

పాలపిట్ట కనబడితే శుభమని అడవిలో అందరికీ నమ్మకం. పొద్దున్నే వచ్చేవాళ్లు, కళ్లారా చూసేవాళ్లు, దణ్ణం పెట్టుకుని ఆమె నోరు తెరిచేలోపు వెళ్లిపోయేవాళ్లు. చూస్తే పుణ్యం వస్తుంది, వింటే ఏమొస్తుంది? మంజువాణికి కడుపు మండిపోయేది.

ఆ ఎండాకాలం ఆమె ఎండిపోయిన వాగు మీద ఒక కొత్త పాట కట్టింది. దాని ప్రాణమంతా చివరి చరణంలో ఉంది. అక్కడిదాకా ఒక్కరు కూర్చుని వింటే చాలు, అదే పదివేలు అనుకుంది.

అందుకే వాగు పక్కనున్న బల్లపరుపు బండ మీద ప్రతి ఆదివారం సాయంత్రం పాటల కూటమి పెట్టింది. అడవి అంచున ఊళ్లో పెళ్లయితే చాలు, స్పీకర్ల మోతకు కుందేళ్ల గుండెలు అదిరిపోతున్న రోజులవి. "మైకులొద్దు, స్పీకర్లొద్దు. ఎవరి పాట వాళ్లం తెచ్చుకుందాం, ఒకరి పాట ఒకరం విందాం," అని చెట్టుచెట్టుకూ వెళ్లి పిలిచి వచ్చింది.

మొదటి ఆదివారం బండ కిటకిటలాడింది. మంజువాణికి కళ్లు చెమర్చాయి.

ముందుగా కప్ప కనకమ్మ పాడింది. పాట అవగానే, "వస్తానే మంజూ, పిల్లలు మడుగులో ఒక్కళ్లే ఉన్నారు," అంటూ గెంతుకుంటూ పోయింది. తర్వాత నెమలి పాడింది. నెమలి లేవగానే దాని వెంట వచ్చినవాళ్లంతా లేచారు. అలా ఎవరి వంతు అయ్యాక వాళ్లు జారుకోగా, మంజువాణి వంతు వచ్చేసరికి తిరుపాలు అనే తొండ ఒక్కడే మిగిలాడు. తల ఊపుతూ కూర్చున్నాడు.

మంజువాణికి ప్రాణం లేచొచ్చింది. కళ్లు మూసుకుని కొత్త పాట అందుకుంది. చివరి చరణం ముందు ఆగి, "బాగుందా అన్నా?" అని ఆశగా అడిగింది.

"ఏది?" అన్నాడు తిరుపాలు, తల ఊపుతూనే. "ఓ, పాడుతున్నావా తల్లీ! నాకు పుట్టిన దగ్గర్నుంచీ ఈ తల ఊపుడు అలవాటు. బండ వెచ్చగా ఉందని కూర్చున్నా, అంతే."

ఆమె బాధ చూసి ముంగిస ముకుందం వచ్చాడు. అడవిలో ఏ సంఘం పుట్టినా కార్యదర్శి ఆయనే. సంఘాలు పోయేవి గానీ ఆయన పదవి పోయేది కాదు.

"పిచ్చిదానా, ఊరికే వినమంటే ఎవరు వింటారు? పాడేవాళ్లకు చప్పట్లున్నాయి, వినేవాళ్లకేముంది? ఒక బిరుదు పెడదాం. ఉత్తమ శ్రోత! సభ చేసి శాలువా కప్పుదాం. తర్వాత నువ్వు తరిమినా పోరు."

ఎందుకో మంజువాణి మనసు ఒప్పలేదు. కానీ పాట వినబడటం ముఖ్యం కదా అని సరేనంది.

మరుసటి ఆదివారం ఒక్కరూ కదల్లేదు. అందరూ పోటీలు పడి విన్నారు. "ఆహా" అని ఒకరంటే "ఆహాహా" అని ఇంకొకరు. మంజువాణి ఇంకా తీగ సవరించుకుంటుండగానే కనకమ్మ, "వన్స్ మోర్!" అని అరిచింది.

"ఇంకా మొదలుపెట్టలేదు పిన్నీ!"

"అందరికంటే ముందు అన్నది నేనే! ముకుందం, చూశావుగా?"

ఆ గోలలో పాట ఒక్క ముక్క వినబడలేదు. ఆ ఆదివారమే కాదు, ఆ తర్వాత కూడా అంతే.

ఇంతలో సభ రోజు వచ్చింది. సభకు అధ్యక్షుడు ఉండాలి కాబట్టి ఎలుగుబంటి భల్లూకరావు గారిని పిలిచారు. ఆయనకు సంగీతం తెలియదు గానీ, కూర్చోగానే సభకు నిండుదనం వచ్చేది. శాలువాకు వెడల్పాటి టేకాకు కోసి తెచ్చారు.

"నువ్వు ప్రార్థన పాడు. రెండు లైన్లు చాలు, టైము లేదు," అన్నాడు ముకుందం.

"మరి నా కొత్త పాట?"

"ఆఖర్న వీలుంటే చూద్దాంలే." అని సభవైపు తిరిగి, "ఉపన్యాసాలయ్యాక ఇప్పపూలు పంచుతాం. ఎవరైనా ఉపన్యసిస్తుండగా లేచినా, నోరు మెదిపినా పూలు లేవు!" అన్నాడు.

భల్లూకరావు గారు వినడం ఎంత అవసరమో చెప్పడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. సభ మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఈ జనానికి ఇంత బుద్ధిగా వినడం వచ్చా అని మంజువాణి నోరెళ్లబెట్టింది.

తీరా శాలువా పైకి తీసేసరికి "ఎక్కువసార్లు ఆహా అన్నది నేను" అంటే "నేను" అని గొడవ లేచింది. ముకుందం గబగబా అధ్యక్షుడి చెవిలో ఏదో ఊదాడు. భల్లూకరావు గారు గొంతు సవరించుకున్నారు.

"ప్రతి ఆదివారం అందరి పాటలూ మొదటినుంచి చివరిదాకా విన్నది ఒక్కరే. ఉత్తమ శ్రోత మంజువాణి!"

చప్పట్లు మోగాయి. టేకాకు మీద పడి ఆమె ముక్కు తప్ప అంతా కప్పేసింది. మంజువాణికి ఏడుపొచ్చింది. వినిపిద్దామని వచ్చినదానికి విన్నందుకు సన్మానం!

"రెండు ముక్కలు మాట్లాడమ్మా," అన్నాడు ముకుందం.

మంజువాణి ఆకు కిందనుంచి సభను చూసింది. ఇప్పపూల కోసం అందరూ అప్పుడే మూతులు బిగించేశారు. ఆమెకు చటుక్కున ఏదో తట్టింది.

"సభకు నమస్కారం. అధ్యక్షులవారి అనుమతితో నా ప్రసంగం మొదలుపెడుతున్నాను," అంది. అని, పాట ఎత్తుకుంది.

ఎవరూ కదల్లేదు. నెమలి "ఆహా" అనబోతే, "ష్! ఉపన్యాసం!" అని ముకుందం కళ్లురిమాడు. బొంగురు గొంతు బండ మీదినుంచి వాగులోకి దిగింది. నీళ్లున్నన్నాళ్లూ నీళ్ల చప్పుడే విన్నాం, ఇప్పుడైనా ఒకరి మాట ఒకరం విందామా అని రాళ్లు అడిగే చివరి చరణం దాకా, ఒక్క మాట పోకుండా, అందరూ విన్నారు. ఇంకుతున్న మడుగులో పిల్లల్ని పెట్టుకున్న కనకమ్మ కళ్లు తుడుచుకుంది. ఆకు కిందనుంచి మంజువాణి అది కళ్లారా చూసింది.

భల్లూకరావు గారు మెచ్చుకోలుగా తలపంకించారు.

"ప్రసంగంలో విషయం ఉందమ్మాయ్. కాకపోతే మధ్యమధ్యలో రాగం తగిలింది. అది కాస్త తగ్గించుకున్నావంటే మంచి వక్తవవుతావు."

ఆ పాటల కూటమి ఇప్పుడు ప్రసంగాల కూటమి అయ్యింది. ఆదివారం వస్తే బండ మీద చోటుండదు, చివరిదాకా ఎవరూ లేవరు.

నీతి: పాటను చివరిదాకా వినిపించాలంటే, అది పాట అని ముందే చెప్పకూడదు.