రేబెకా పంటి నొప్పి

ఆ ఆదివారం రేబెకా పెట్టుకున్న పని చాలా చిన్నది. హౌరా తెలుగు చర్చిలో ఆరాధన, ఆపైన దయమ్మ ఆంటీ ఇంట్లో భోజనం. కలకత్తా వాట్‌గంజ్‌లో ఒక్క కుర్చీ ఉన్న గదికి మారి ఏడు నెలలైంది. పాలవాడు తప్ప ఆ గడప తొక్కిన మనిషి లేడు.

రెండో పాట మధ్యలో ఫోను మోగింది. లెక్కకందనంత దూరంలో ఒక నక్షత్రం పేలిందని ఉపగ్రహం పంపిన కబురు. గామా కిరణాలు క్షణాల్లో అయిపోతాయి. వెనక మిగిలే వెలుగు పూర్తిగా ఆరిపోయేలోగా ఎక్స్ కిరణాల్లో, మామూలు కాంతిలో, రేడియో తరంగాల్లో పట్టుకుంటేనే రేబెకా పరిశోధనకు బతుకు. మొదటి రెండు రకాల టెలిస్కోపుల వాళ్లకీ చర్చి మెట్ల మీదే కూర్చుని మెసేజీలు పంపేసింది. రేడియో టెలిస్కోపు వాళ్లు మాత్రం ఏడాదికి ఒక్క అవకాశమే ఇస్తారు. దాన్ని నక్షత్రం పేలిన మొదటి రోజే వాడెయ్యాలన్నది ఆమె పట్టుదల. పన్నెండింటికి వాళ్లు ఫోన్ చేస్తే సరేననాలి, అంతే.

"ఏటే, మధ్యలో లేచొచ్చేసేవు?" వెనకే వచ్చిన దయమ్మ అడిగింది.

నక్షత్రం సంగతి చెప్పాలంటే ఒక పూట పడుతుంది. "పన్ను నొప్పి ఆంటీ," అనేసింది రేబెకా, బుద్ధి గడ్డి తిని.

ఆ సంఘంలో ఒకరి నొప్పి అందరిదీ. ప్రార్థన విన్నపాల్లో రేబెకా పన్ను కూడా చేరింది. ఆమె గది చేరిన అరగంటకే దయమ్మ లవంగాలతో, రిటైరైన కాంపౌండరు ఫెలిక్స్ మాత్రలతో, ఇంకో నలుగురు గంజి క్యారేజీతో దిగారు. మంచం నిండిపోయింది.

"దవడ వాచింది," అన్నాడు ఫెలిక్స్. వాచలేదు. అయినా తువ్వాలు బిగించి కట్టారు.

"నోరు కదపకు," అంటూ దయమ్మ గుప్పెడు లవంగాలు నోట్లో కుక్కింది.

పన్నెండింటికి ఫోను మోగింది. రేబెకా చెయ్యి చాచేలోగా దయమ్మ అందుకుంది. రేడియో టెలిస్కోపు నడిపే ఆశిష్ హిందీలో అడిగాడు. "ఇవాళే పెట్టుకుందామా, వాయిదా వేద్దామా?"

దయమ్మ షాలిమార్ రైల్వే యార్డులో నేర్చుకున్న హిందీ తీసింది. "పిల్ల మంచం మీదుంది బాబూ. ఏ పనైనా మూడ్రోజులు పోయాకే."

రేబెకా మూలిగింది. నొప్పి ఎక్కువైందని ఫెలిక్స్ ఇంకో మాత్ర వేశాడు. ఆ మాత్రకి కన్ను మూత పడింది. లేచి ఫోన్ చేసేసరికి ఆశిష్ ఆ సమయం వేరేవాళ్లకి ఇచ్చేశాడు. ఆమెది బుధవారానికి మారింది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక రేబెకా ఏడ్చింది. టెలిస్కోపు కోసమే అనుకుంది గానీ, ఖాళీ మంచం చూస్తే ఏడుపు ఇంకా ఎక్కువైంది.

బుధవారం మధ్యాహ్నం ఆశిష్ ఫోన్ చేశాడు. "దొరికింది. ఆదివారం వేరేవాళ్లు అదే చోట వెతికితే రేడియోలో ఏమీ కనపడలేదట. నెమ్మదిగా పైకొచ్చి ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది. మూడు రోజులు ఆగమన్న ఆ మేడం ఏ యూనివర్సిటీ?"

రేబెకా గదంతా కలయజూసింది. ఇంత మంచి కబురు చెప్పడానికి గోడలు తప్ప ఎవరూ లేరు. దయమ్మకి ఫోన్ కలిపింది.

"ఆంటీ, పన్ను మళ్లీ లాగుతోంది. అందరూ వస్తారా?"

వాళ్లు వచ్చేలోగా కింది వాటా వాళ్లనడిగి ఆరు కుర్చీలు తెచ్చిపెట్టుకుంది.