ముప్ఫైకి ఇరవై తొమ్మిది

మా వంశంలో పరీక్ష తప్పినవారు లేరు!

ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమే అయితే మా ఇంట్లో పదకొండు మంది టీచర్లున్నారనీ, అందులో ఇద్దరికి ఉత్తమ ఉపాధ్యాయ అవార్డులొచ్చాయనీ, నేను మండల విద్యాధికారిగా రిటైరయ్యాననీ, స్క్వాడ్‌గా తిరిగి నాలుగొందల మూడు మందిని కాపీ కొడుతుండగా పట్టుకున్నాననీ కూడా చెప్పేవాణ్ణి. అవేవీ చెప్పడం లేదు. వినయం మా రక్తంలోనే ఉంది.

అలాంటి ఇంట్లో మా మేనత్త ఎలీసమ్మగారికి మతిమరుపు జబ్బు వచ్చింది. పెళ్ళి మానుకుని మమ్మల్నందరినీ చదివించిన మనిషి. ముప్ఫై ఆరేళ్ళు బడి నడిపిన హెడ్మిస్ట్రెస్. డాక్టరు డిమెన్షియా అన్నాడు. మేం ఒప్పుకోలేదు. మా ఇంటావంటా లేని జబ్బు అలా ఎలా వస్తుంది? "అత్తయ్యగారి జ్ఞాపకశక్తి సెలవులో ఉంది" అని చర్చిలో అందరికీ చెప్పాం. జీతంతో కూడిన సెలవులాగా!

అత్తయ్యగారు మాత్రం నన్ను స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు అనుకుని కుర్చీ వేయించేవారు. అంతవరకూ బాగానే ఉంది. సాయంత్రం పూట ఒక్కోసారి గేటు దాటి వెళ్ళిపోవడం మొదలెట్టారు. మొదటిసారి రాజోలు సెంటర్లో దొరికారు. రెండోసారి కొత్తపేట బస్సులో దొరికారు. మూడోసారి ఏకంగా రావులపాలెం అరటి మార్కెట్లో! గెలలు కొనడానికొచ్చిన వ్యాపారులందరినీ వరసగా నిలబెట్టి గోళ్ళు చూపించమంటున్నారు. మీసాలున్న మగాళ్ళు చేతులు చాపి బుద్ధిగా చూపిస్తున్నారు. పక్కనే హైవే, లారీల మీద లారీలు. ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కదని అందరికీ అర్థమైంది.

హోములో చేర్పిద్దామన్నాను.

"చేర్పిద్దాం. కానీ నలుగురికీ ఏమని చెప్పాలండీ?" అంది నా భార్య ప్రసన్నకుమారి. తనూ టీచరే, లెక్కలు.

"రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్‌లకు రెసిడెన్షియల్ ఓరియెంటేషన్ అని చెబుదాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి అభిషేక్. వాడు అమలాపురంలో ఎంట్రన్సు కోచింగిస్తాడు. వంశం నిలబెట్టేవాడంటే వాడే!

హోముల వేట మొదలైంది. మొదటిది అమలాపురం దగ్గర. ముందు ఫౌంటెను, లోపల పాలరాయి, గోడ నిండా పెద్దమనుషుల ఫోటోలు. "వృద్ధులెక్కడండీ?" అనడిగితే, "ఆయ్, లోపలున్నారండి, ఫౌంటెను చూడండి" అన్నాడు మేనేజరు. మూడుసార్లు అడిగాం. మూడుసార్లూ ఫౌంటెనే చూపించాడు. రెండోది అల్లవరం వైపు. గాలి బ్రహ్మాండం, భోజనం బ్రహ్మాండం. చుట్టూ రొయ్యల చెరువులు, ఉన్న ఒక్క గేటుకీ గొళ్ళెం లేదు. అత్తయ్యగారు రొయ్యలకు హాజరు వేయడానికి వెళ్తే ఇంకేమైనా ఉందా!

మూడోది రావులపాలెం దాటాక, కాలవ గట్టు పక్కన. చిన్న పెంకుటిల్లు, సున్నం వేసిన గోడలు. వెళ్ళేసరికి ఒక పెద్దాయన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు, పక్కన కూర్చున్న ఆయా ఆయన చెప్పిన కథే నాలుగోసారి నోరు తెరుచుకుని వింటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఖాళీ మాత్రం ఒక్కటే మంచం.

"వచ్చే మంగళవారం అమ్మగారిని తీసుకురండి. జ్ఞాపకశక్తికి ముప్ఫై మార్కుల చిన్న పరీక్షుంటదండి" అంది ఆ హోము నడిపే గంగాదేవి.

పరీక్ష! ఆ ఒక్క మాట చాలు. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో మాలో ఎవరమూ వినలేదు.

వారం రోజులు మా ఇల్లు కోచింగ్ సెంటరైపోయింది. అభిషేక్ ఎక్కడెక్కడో వెతికి ప్రశ్నలన్నీ ముందే సంపాదించాడు. ఏ సంవత్సరం, ఏ నెల, ఏ వారం, ఏ ఊరు, నూటిలోంచి ఏడేసి తీసేయండి, చెప్పిన మూడు మాటలు తిరిగి చెప్పండి. ఉదయం రివిజన్, సాయంత్రం గ్రాండ్ టెస్ట్. మొదటి టెస్టులో అత్తయ్యగారికి ముప్ఫైకి నాలుగొచ్చాయి. చివరి టెస్టులో మూడు.

"స్లిప్పులు పెట్టాలి నాన్నా, వేరే దారి లేదు" అన్నాడు అభిషేక్.

నాలుగొందల మూడు మందిని పట్టుకున్న చేతులతో నేనే అట్టముక్కలు కత్తిరించాను. అత్తయ్యగారు అన్నీ మర్చిపోయారు గానీ చదవడం మర్చిపోలేదు. అదే మా ఆశ!

మంగళవారం వెళ్ళాం. అత్తయ్యగారి చేతిసంచీ పట్టుకోవడానికి మా పనిమనిషి ముత్యాలును కూడా తీసుకెళ్ళాం. గంగాదేవి అత్తయ్యగారికి ఎదురుగా కూర్చుంది. మేం ముగ్గురం గంగాదేవి వెనకాల నిలబడ్డాం, మర్యాద కోసం.

"ఈ రోజు ఏ వారమండి, అమ్మా?"

నేను అట్ట ఎత్తాను. అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మంగళవారం, నవ్వుతూ చెప్పండి."

అట్ట మీద జాగ్రత్త కోసం రాసిన మాటది! గంగాదేవి మొహంలో ఏ మార్పూ లేదు. "ఆయ్, నవ్వుతూనే చెప్పేరండి" అని మార్కు వేసింది.

నెల వచ్చింది, ఊరు వచ్చింది, చెంబు, గొడుగు, మామిడికాయ అన్నీ వచ్చాయి. నూటిలోంచి ఏడు పోతే తొంభై మూడు. దాంట్లోంచి ఏడు పోతే? ప్రసన్న కంగారులో ఎనభై ఆరు అట్టను తలకిందులుగా పట్టుకుంది. అత్తయ్యగారు ఉన్నదున్నట్టు "తొంభై ఎనిమిది" అన్నారు. లెక్కల టీచరు వల్ల లెక్కల్లో మార్కు పోయింది!

"ముప్ఫైకి ఇరవై తొమ్మిదండి" అంది గంగాదేవి.

ఇంకేముంది! అభిషేక్ నాకు చెయ్యి కలిపాడు. ప్రసన్న కళ్ళు తుడుచుకుంది. జిల్లా ఫస్టేమో అని నాకు అనుమానం కూడా వచ్చింది.

"అమ్మగారికి ఏ ఇబ్బందీ లేదండి. ఇరవై దాటినవాళ్ళని మేం చేర్చుకోమండి. ఆ రోజే చెప్పేను కదండీ? సంతోషంగా ఇంటికి తీసుకెళ్ళిపోండి. ఈ మంచం కోసం మండపేట వాళ్ళు ఎదురు చూస్తన్నారు."

మా చేతులు కలిసినవి కలిసినట్టే ఉండిపోయాయి.

"ఏవండీ, మనం సంతోషిస్తున్నామేంటండీ!" అంది ప్రసన్న.

నాకు హైవే గుర్తొచ్చింది, లారీలు గుర్తొచ్చాయి. పరువూ లేదు, గిరువూ లేదు. "అమ్మా! ఆవిడకి ఏమీ గుర్తుండదండి! ఏ సంవత్సరమో తెలీదు, నేనెవరో తెలీదు. మాస్ కాపీయింగ్ జరిగిందండి! నేనే చేయించానండి!" అని అరిచాను. ముప్ఫై ఏళ్ళలో నేను పట్టుకున్న వాళ్ళెవరూ ఇంత నిజాయితీగా ఒప్పుకోలేదు.

"తెలుసండి. అమ్మగారి వెనకాల అద్దాల బీరువా ఉందండి. మీ అట్టలన్నీ అందులో కనబడుతూనే ఉన్నేయండి" అంది గంగాదేవి. "పోనివ్వండి. ఇప్పుడీ కాగితం మీరు రాయండి. అమ్మగారి గురించి ఇరవై ప్రశ్నలు. వీటిని బట్టే మేం ఆవిణ్ణి చూసుకునేదండి."

పరీక్షంటే మాకు భయమా! జేబులోంచి పెన్ను తీశాను.

దేనికి కంగారు పడతారు? ఏం చేస్తే కుదుటపడతారు? అన్నం ఎలా పెడితే తింటారు? పడుకునే ముందు ఏమడుగుతారు?

'విద్యారంగానికి ఆవిడ సేవ ఎనలేనిది' అని రాశాను. కొట్టేశాను. ప్రసన్న పైకప్పు చూస్తోంది. "చాయిస్ లేదాండీ?" అనడిగాడు అభిషేక్. పావుగంటలో మేం ముగ్గురం కలిసి నింపినవి రెండు గళ్ళు. పేరు, పుట్టినరోజు. పుట్టినరోజు కూడా సర్వీసు రిజిస్టర్లోదే.

చివరికి ముగ్గురమూ ఒకేసారి గుమ్మం వైపు చూశాం. అక్కడ సంచీ పట్టుకుని ముత్యాలు నిలబడి ఉంది.

"నాలుగయ్యేసరికి అమ్మగారికి బెల్లు వినబడాలండి" అంది ముత్యాలు. "ఇస్టీలు పళ్ళెం మీద అట్లకాడతో వాయిస్తానండి. బడి వదిలేసేరని స్థిమితంగా కూర్చుంటారు. నేను రాని రోజు మోగదు కదండి, పిల్లలింకా బళ్ళోనే ఉండిపోయేరని ఎతుక్కుంటా ఎల్లిపోతారండి."

మూడుసార్లూ ముత్యాలు సెలవు పెట్టిన రోజులే! ఆ పళ్ళెం మోత ఆపమని నేను ఆమెను ఎన్నిసార్లు కసిరానో లెక్కలేదు.

"అన్నం తినమంటే తినరండి. ఇది మధ్యాహ్న భోజనం, ఎలా ఉందో రుచి చూసి చెప్పండి మేడమ్ అంటే మొత్తం తింటారు. పడుకునేముందు దాసు అన్నం తిన్నాడా అని అడుగుతారండి. ఆయ్, తిన్నాడండి అంటేనే కళ్ళు మూస్తారు."

ఆ దాసు, అంటే ఏసుదాసు, నేనే. నన్ను ఇన్‌స్పెక్టరు అంటున్న మనిషి రోజూ రాత్రి నా అన్నం సంగతి అడుగుతోందట. సిగ్గేసింది.

గంగాదేవి చకచకా అన్నీ రాసుకుంది. "మంచం అమ్మగారిదేనండి. మొదటి వారం బాగా తెలిసిన మనిషి ఒకరు తోడుండాలి. సంతకం కూడా వారిదే కావాలండి."

నేను పెన్ను ఎత్తేలోగా ఆవిడ కాగితం ముత్యాలు ముందు పెట్టింది. తప్పేదేముంది? పెద్దమనసు చేసుకుని బల్ల మీదున్న స్టాంపు ప్యాడు అందుకున్నాను. "దానికి సంతకం రాదండి. పద్దెనిమిదేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది, నాకు తెలుసు కదా. వేలిముద్ర వేయిస్తాను" అన్నాను.

ముత్యాలు బల్ల మీది పెన్ను తీసుకుంది. వంగి, నాలుక కొంచెం బయటపెట్టి, ఒత్తి ఒత్తి రాసింది. కొయ్య ముత్యాలు. గుండ్రటి అక్షరాలు.

"ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది ప్రసన్న.

"అమ్మగారేనండి. మీరంతా బయటికి ఎల్లేక పలక తెమ్మంటారు. కొత్తగా చేరిన పిల్లననుకుని రోజూ అఆల కాడే మొదలెడతారండి. మూడేళ్ళు అయ్యే దిద్దితే రాకేం చేస్తదండి!"

అత్తయ్యగారు కాగితం లాక్కుని కళ్ళజోడు పైకెత్తి సంతకాన్ని చాలాసేపు చూశారు.

"దస్తూరీ బాగుందే పిల్లా! మీ ఇంట్లో టీచర్లెవరైనా ఉన్నారా?"

ముత్యాలు మా ముగ్గురినీ ఒకసారి చూసింది. చూసి అత్తయ్యగారి వైపు తిరిగింది.

"ఆయ్, ఒక్కరున్నారండి."