విశాలహృదయపు సీటు

“సాంకేతిక వాదాల్లో ఇకపై నొప్పించే మాట వినిపించరాదు” అని సాంకేతిక శాఖామాత్యులు ప్రకటించిన క్షణం నుంచి ప్రోగ్రామర్ల ఆన్‌లైన్ వేదికలో నాగరికత వెల్లివిరిసింది. ‘తప్పు’ అన్న మాటను నిషేధించారు. విమర్శించదలచినవారు ముందు ప్రశంసించాలి. తరువాత కూడా ప్రశంసించాలి.

అమలు భారం వేదికను పర్యవేక్షించే మోడరేటరమ్మ మీద పడింది. ఒక్క పరుషవాక్యం దొర్లినా ఆమె ఉద్యోగం ఊడుతుంది. సత్యం గొప్పదా, సౌమ్యత గొప్పదా అని ఆమె ఒకప్పుడు తర్కించుకునేది. ఇప్పుడు అంత తీరిక లేదు.

మంత్రిగారు బస్సు టికెట్ల యాప్‌ను ప్రారంభించబోయే ముందురోజు, ‘చీమ’ అన్న మారుపేరుతో రాసే ప్రోగ్రామరు, ఆ యాప్‌ను తయారుచేసిన ‘సింహం’ను వేదికపై నిలదీసింది: “ఇది తప్పన్నా. నీ కోడ్ ఒకే సీటును ఇద్దరికి ఇస్తోంది. రేపటిలోగా సరిచెయ్యి.”

మోడరేటరమ్మ వెంటనే ఆమెకు ఫోన్ చేసింది.

“చీమా, కాస్త మెత్తగా రాయవే.”

“సీటు ఒకటి, మనుషులు ఇద్దరు. ఇందులో మెత్తన ఎక్కడుందక్కా?”

“నా ఉద్యోగం కూడా చూడాలి కదే.”

“సరే, నువ్వే దిద్దుకో. చిల్లుకుండకి ముగ్గేసినట్టుంటుంది.”

మోడరేటరమ్మ శ్రద్ధగా దిద్దింది: “సింహంగారూ, మీ కోడ్ ఆతిథ్యానికి మారుపేరు. ఒక్క సీటుకు ఇద్దరిని ఆహ్వానించగల విశాలహృదయం మీది. మీకు జోహార్లు.”

అర్థం చెడలేదు కదా అని ఆమె తనను తాను ఓదార్చుకుంది. సింహం జవాబు క్షణంలో వచ్చింది: “మీ అభిమానమే నా బలం.” కోడ్‌లో మాత్రం ఒక్క అక్షరమూ కదలలేదు.

మర్నాడు మంత్రిగారు తొలి టికెట్ కొని, కెమెరాల నడుమ బస్సెక్కారు. ఒకటో నంబరు సీటులో ప్రతిపక్ష నాయకుడు అప్పటికే కాళ్లు చాపుకుని ఉన్నాడు. ఆయన చేతిలోనూ టికెట్ ఉంది. దాని మీదా ఒకటో నంబరే ఉంది.

“లేవండి, అది నా సీటు.”

“మీ అభిప్రాయాన్ని ఎంతో గౌరవిస్తున్నానండీ” అన్నాడు ప్రతిపక్ష నాయకుడు, కదలకుండా.

మంత్రిగారి ముఖం కందగడ్డయింది. ప్రారంభోత్సవానికని వెంట వచ్చిన మోడరేటరమ్మ వైపు తిరిగారు.

“ఇంతమంది ఉన్నారు కదమ్మా, ఒక్కరైనా ముందే చెప్పలేదా?”

తన ఉద్యోగం ఇక్కడితో సరి అనుకుంటూ ఆమె ఫోన్ తీసి, నిన్నటి విమర్శను చదివింది. మంత్రిగారు కళ్లు మూసుకుని చివరి జోహార్ల దాకా విన్నారు.

“ఎంత సంస్కారం” అన్నారు పరవశంగా. “మన విధానం ఫలించిందమ్మా. రాసిన మనిషికి సన్మానం ఏర్పాటు చెయ్యండి.”

బస్సు కదిలింది. పై కడ్డీ పట్టుకుని ఊగుతూ, మంత్రిగారు దారి పొడవునా చిరునవ్వుతోనే నిలబడ్డారు.